నుదురు కొలిచే మాట

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మేనమామ పాత్ర బాగా కుదిరింది. ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. "మామయ్యది హైబ్రో టేస్ట్" అని రాసేసి ముందుకెళ్ళిపోయావు. ఈ ఉత్తరం హైబ్రో అన్న ఆ ఒక్క మాట గురించే. మేధావుల స్థాయి అభిరుచి ఉన్నవాడని దానికి అర్థం.

బ్రో అంటే ఇక్కడ కనుబొమ కాదు, నుదురు. 18వ శతాబ్దం చివర్లో వియన్నాలో ఫ్రాంజ్ జోసెఫ్ గాల్ అనే వైద్యుడు పుర్రె ఎత్తుపల్లాలు చూసి మనిషి బుద్ధి చెప్పొచ్చన్నాడు. నుదురు ఎత్తుగా ఉంటే తెలివైనవాడు, లేకపోతే మొద్దు అనే నమ్మకం ఆ దారిలోనే బలపడింది. దాన్ని పట్టుకుని కొన్ని జాతుల్ని తక్కువ చేసి చూపినవాళ్ళూ ఉన్నారు. ఆ సైన్సు కొట్టుకుపోయింది గానీ మాట మిగిలింది. హైబ్రో వచ్చాక లోబ్రో వచ్చింది. రెంటికీ మధ్య మిడిల్‌బ్రో అన్న మాటను 1925లో పంచ్ అనే ఇంగ్లిష్ హాస్యపత్రిక ఎగతాళిగా వాడింది. తమకు నచ్చి తీరాల్సినవి ఏదో ఒకరోజుకి అలవాటవుతాయని ఆశపడే జనమట వాళ్ళు!

నాకది ఎగతాళి చేయాల్సిన సంగతిగా అనిపించదు. అర్థంకాని పుస్తకాన్ని మూసేయకుండా, ఇవాళ కాకపోతే రేపు అందుతుందని మళ్ళీ తెరిచేవాడిని చూస్తే నాకు గౌరవం. మనందరం చదవడం నేర్చుకున్నది అలాగే కదా.

ఇంగ్లిష్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ మాత్రం తనను హైబ్రో అన్నందుకు గర్వపడింది. 1932లో ఒక పత్రికకు ఉత్తరం రాసి, పంపకుండా ఉంచేసుకుంది. ఆలోచన వెంటపడి మనసును గుర్రంలా దౌడు తీయించేవాళ్ళు హైబ్రోలు, బతుకు వెంటపడి ఒంటిని దౌడు తీయించేవాళ్ళు లోబ్రోలు అంటుంది అందులో. ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఉందంటుంది. అదే మాట ఒకరి నోట తిట్టు, ఇంకొకరికి బిరుదు. ఎవరు ఎవరిని అన్నారో తెలియకపోతే దానికి సగం అర్థమే.

మన మాటలకీ ఈ గతి పట్టింది. "పెద్ద మేధావి వచ్చాడండీ" అంటే ఎవరూ మెచ్చుకోలు అనుకోరు. రసికుడు అనగానే ఆడవాళ్ళ వెంట తిరిగేవాడనే అర్థం ముందొస్తుంది. పండితుడికి చదువు ఉంటుంది, అభిరుచి ఉందో లేదో ఆ మాట చెప్పదు. నాకు ఎప్పటికీ ఇష్టమైనది సహృదయుడు. కావ్యాలు చదివి చదివి మనసు అద్దంలా తేటపడి, అందులో వర్ణించినదానితో ఒకటైపోగలవాడే సహృదయుడన్నాడు కాశ్మీర కావ్యవిమర్శకుడు అభినవగుప్తుడు, వెయ్యేళ్ళ కిందట. ఒకచోట నుదుటితో కొలిస్తే మరోచోట గుండెతో కొలిచారు. ఆ అద్దం కూడా పుట్టుకతో తేటగా ఉండదు, తుడుస్తూ ఉండాలి. అలాగని నీ కథలో సహృదయుడని మార్చకు, అక్కడ అది మరీ బరువవుతుంది.

నీ వయసులో నేనొక నవల మీద సమీక్ష రాస్తూ "ఇది సామాన్య పాఠకులకు అందదు" అన్నాను. ఒకావిడ ఉత్తరం రాశారు. పెద్దగా చదువుకోలేదట, ఆ నవల మూడుసార్లు చదివారట. నేను గమనించని ఒక చిన్న పాత్ర గురించి రెండు పేజీలు రాశారు. ఆ ఉత్తరం చదివాక నా సమీక్ష మళ్ళీ చదవలేకపోయాను.

అందుకే చెబుతున్నాను, కథకుడి నోట ఆ మాట వద్దు. మామయ్య ఏం చేస్తాడో నువ్వే రాశావు, రెండు పేజీల తర్వాత. రేడియోలో పాట మారగానే మాట ఆపేస్తాడు. మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా వచ్చి, పల్లవి పూర్తయ్యేవరకూ అక్కడే ఆగిపోతుంది. ఆ వాక్యాన్ని ముందుకు తీసుకురా. హైబ్రో అన్న మాట కావాలంటే మేనకోడలికి ఇవ్వు. తను పెట్టిన పాటను ఆయన మధ్యలో కట్టేసినప్పుడు, "మీలాంటి హైబ్రోలకి మా పాటలెందుకు నచ్చుతాయిలే" అని విసురుగా లేచి వెళ్ళనీ. అప్పుడు ఆ పిల్ల కోపం, ఆయన తప్పు రెండూ కనిపిస్తాయి.

ఆ పేరా తిరగరాసి పంపు. గ్లాసు మాత్రం కదపకు.

ఉంటాను.