పిల్లి కొంగు చీకుతోంది సరే, కుచ్చులు ఎటుపోయాయి?

ప్రశ్న: మా పిల్లికి పది నెలలు. ఐదు వారాల కూనగా తెచ్చుకున్నాం. రాత్రయితే ఉన్ని దుప్పటో, అమ్మ చీర కొంగో నోట్లో పెట్టుకుని ముందుకాళ్లతో పిసుకుతూ చీకుతుంది. తల్లి మీద బెంగా? సీసాతో పాలు పట్టాలా? కొంగు కుచ్చులు రెండు మూడు కనబడటం లేదు. నిన్నటి నుంచి రెండుసార్లు కక్కింది, తిండి ముట్టడం లేదు. ఒళ్లు వేడిగా ఉంది, పిల్లల పారాసిటమాల్ సిరప్ వేయవచ్చా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వేయకండి. ఒక్క చుక్క కూడా. పారాసిటమాల్‌ను విరిచే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి. ఇప్పటికే వేసి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. చిగుళ్లు గోధుమరంగుకు తిరిగినా, మొహం వాచినా గంటలు కూడా ఆగొద్దు. అయినా పిల్లి మామూలు ఒంటివేడే 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్. మన చేతికి ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. జ్వరమో కాదో థర్మామీటర్ చెప్పాలి, అరచెయ్యి కాదు.

బెంగ సంగతి తర్వాత. కుచ్చులు మాయం, వాంతులు, తిండి మానేయడం. మూడూ కలిస్తే దారం మింగిందనే ముందు అనుమానించాలి. చూడకుండా అదేనని తేల్చలేను గానీ, ఈ రోజే చూపించాలి. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతువైపు వంగి ఉంటాయి. దారం లోపలికి పోతే ఉమ్మడం దానికి కష్టం. ఒక కొస నాలుక మొదట్లో చిక్కుకుంటే, మిగతాది ముందుకు నెట్టబోయి పేగు తానే ముడుచుకుపోతుంది, బొందు లాగితే లంగా నడుం కుచ్చిళ్లు పడ్డట్టు. ఆ దారమే పేగును కోస్తుంది. అందుకే నోట్లో గానీ మలద్వారం దగ్గర గానీ దారం కనిపిస్తే లాగొద్దు. ఆముదం, నెయ్యి లాంటివి పట్టొద్దు. దారం, గుడ్డ ఎక్స్‌రేలో నేరుగా కనబడవు. నాలుక కింద చూడమనండి, స్కాన్ కూడా అడగండి. ఊళ్లోనే వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉండగా సిరప్ వైపు చూడటమెందుకమ్మా?

ఇక చీకడం. తల్లిని తొందరగా విడిచిన కూనల్లో ఇది మామూలే. కనీసం ఎనిమిది వారాలు, వీలైతే పన్నెండు తల్లి దగ్గర ఉండాలి. సయామీ, బర్మీ జాతుల్లో వంశంగానూ వస్తుంది. పాల సీసా వద్దు, ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి. ఉత్తగా చీకితే ప్రమాదం తక్కువ, కొరికి మింగితేనే చిక్కు. గుడ్డకు చిల్లులు పడుతున్నాయేమో చూస్తే ఏది జరుగుతోందో తెలుస్తుంది. రక్తహీనత ఉన్నా పిల్లులు గుడ్డ, మట్టి తింటాయి కాబట్టి రక్తపరీక్ష చేయించండి. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో రాయలేదు.

గండం గడిచాక ఉన్ని, కుచ్చుల చీరలు, దారపు ఉండలు బీరువాలో పెట్టి తలుపు వేయండి. రోజుకు రెండు మూడుసార్లు పది నిమిషాలు పుల్లకు ఈక కట్టి ఆడించి, ఆఖరి ఆట పడుకునే ముందు పెట్టుకోండి. ఆట అయ్యాక ఆ ఈకా లోపలే. తిండి నాలుగైదు చిన్న వాయిదాల్లో పెట్టండి. కొడితే కంగారు పెరిగి ఇంకా చీకుతుంది. మానకపోతే మందులున్నాయి, అవి పరీక్షించిన వెట్ రాయాల్సినవే.

వెళ్లేటప్పుడు ఆ చీర కూడా పట్టుకెళ్లండి. మిగిలిన కుచ్చు పొడవు చూస్తే లోపల ఎంత ఉందో డాక్టరుకు అంచనా దొరుకుతుంది.