రాకీ కొండ మీద నాకు పడ్డ బిల్లు

సందేహం: డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. అమ్మానాన్న జూన్‌లో వస్తున్నారు. జూలై 4 లాంగ్ వీకెండ్‌కి వాళ్ళను కారులో కొలరాడో తీసుకెళ్ళి రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ చూపిద్దామనుకుంటున్నాం. మూడు రోజులు సరిపోతాయా? ఖర్చు ఎంతవుతుంది?

జవాబు: సరిపోవు. డాలస్ నుంచి డెన్వర్‌కే దాదాపు ఎనిమిది వందల మైళ్ళు, పదమూడు గంటల డ్రైవింగ్. కాఫీకీ, బాత్రూమ్‌కీ, అమారిల్లోలో పెట్రోలుకీ ఆగితే పదిహేను. పోను ఒక రోజు, రాను ఒక రోజు పోతే చేతిలో మిగిలేది ఒక్కటే. ఆ ఒక్క రోజులో కొండెక్కి దిగొచ్చని 2009లో మేమూ అనుకున్నాం. ఖర్చు సంగతి అడిగారు కాబట్టి అప్పుడు నాకెంత పడిందో చెప్తాను. మీ లెక్క మీరే వేసుకోవచ్చు.

నేను ఇక్కడికి 2007లో వచ్చాను. జీతం డాలర్లలో పడుతున్నా బుర్ర ఇంకా రూపాయల్లోనే నడుస్తుండేది. ఆ 2009లో డాలరు 48 రూపాయల దగ్గర ఉండేది. దేన్ని చూసినా 48తో హెచ్చవేసి, వచ్చిన అంకెను నలుగురికీ వినపడేలా చెప్పడం నా అలవాటు. మీకూ ఉండే ఉంటుంది, ఎనిమిది నెలలేగా. నాకు పోవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. పూర్తిగా పోలేదని మా ఆవిడ అంటుంది.

ఆ ఏడాది జూలై 4 శనివారం వచ్చింది. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే అమ్మానాన్నలను ఎక్కించుకుని బయల్దేరాం. రాత్రంతా నేనూ మా ఆవిడా చెరికాసేపు నడిపాం. ఎందుకంటే ఒక రాత్రి హోటల్ డబ్బులు మిగులుతాయని. ఆ తెలివి నాదే. శుక్రవారం తెల్లారేసరికి డెన్వర్, అక్కడి నుంచి గంటన్నరలో ఎస్టెస్ పార్క్ అనే ఊరు, దాన్ని దాటితే పార్కు గేటు.

గేటు దగ్గర అమ్మాయి 80 డాలర్ల వార్షిక పాస్ ఉందని, దేశంలో ఏ నేషనల్ పార్కుకైనా పనికొస్తుందని చెప్పింది. అమ్మేవాళ్ళు తమంతట తాము చెప్పేది కొనకూడదని మా నాన్న నేర్పిన సూత్రం. వద్దన్నాను. తర్వాత పన్నెండు నెలల్లో ఇంకో నాలుగు పార్కులకు వెళ్ళి ప్రతి గేటు దగ్గరా విడిగా టికెట్ కొన్నాను. ఆ పాస్ 2007లో మొదలైనప్పుడూ 80 డాలర్లే, ఇక్కడ ఉండేవాళ్ళకు ఇప్పుడూ 80 డాలర్లే. ఈ దేశంలో ఇన్నేళ్ళూ ధర పెరగని వస్తువు నాకు తెలిసి అదొక్కటే. అయితే 2026 నుంచి విదేశాల నుంచి వచ్చేవాళ్ళ పాస్ 250 డాలర్లు చేశారు. అది లేకపోతే రాకీ లాంటి పదకొండు పెద్ద పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం. మీ కారులో వచ్చే అమ్మానాన్నలకు ఇదెలా వర్తిస్తుందో పార్కు వాళ్ళ సైటులో చూసుకునే బయల్దేరండి.

మా రోజుల్లో లేని తతంగం ఇంకొకటి ఉంది. 2020 నుంచి వేసవిలో ఫలానా గంటకే లోపలికి రావాలని పర్మిట్ పెట్టారు. ఇది గేటు టికెట్‌కి అదనం. ధర రెండే డాలర్లు, దొరకడమే కష్టం. తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్లకు ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని కూర్చుంటాం చూశారా, అదే వరస. జూలై పర్మిట్లు జూన్ ఒకటో తారీఖు పొద్దున వదులుతారు. పార్కులోనే ఉన్న బేర్ లేక్ అనే చెరువు వైపు వెళ్ళాలంటే అది వేరే రకం పర్మిట్. ప్రతి ఏడూ ఏదో ఒకటి మారుస్తారు, వివరాలు పార్కు సైటులోనే ఉంటాయి.

ఇక అసలు కథ. ఆ పార్కులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డని ఉంది. నడుమ ఎక్కడా తెగకుండా సాగే తారు రోడ్లలో ఈ దేశం మొత్తానికీ ఇదే ఎత్తయినది. శిఖరం దగ్గర 12,183 అడుగులు. చెట్టన్నది మొలవనంత ఎత్తులో పదకొండు మైళ్ళు నడుస్తుంది. మన డాలస్ ఎత్తు 430 అడుగులు. అంటే నిద్రలేని నలుగురం ఇరవై గంటలు కూడా కాకముందే 430 నుంచి 12,183కి ఎక్కేశాం. మధ్యలో మజిలీ లేదు, మజిలీ అంటే హోటలు కదా.

పైన గాలి పలచగా ఉంటుందని ఎక్కడో చదివి అమ్మతో అన్నాను. "అలిపిరి మెట్లన్నీ ఎక్కినదాన్ని, కారులో కూర్చుంటే నాకేమవుతుందిరా" అంది. తిరుమల ఎత్తు 2,800 అడుగులని నాకప్పుడు తెలియదు. తెలిసుంటే, దాని మీద తిరుమలను ఇంకో మూడుసార్లు పేర్చినా ఈ రోడ్డు అందదని చెప్పేవాణ్ణి. ఆ ఎత్తులో ఊపిరికి దక్కే ప్రాణవాయువు కింద దక్కే దాంట్లో మూడింట రెండు వంతులే.

దారిలో రెయిన్‌బో కర్వ్ అనే మలుపు దగ్గర ఆగాం. ఉడత పిల్లల్లాంటి చిప్‌మంకులు కాళ్ళ మీదకు వచ్చేస్తాయి. నాన్న సంచీలోంచి జంతిక తీసి చిన్న ముక్క వేశారు. ఎక్కడి నుంచి వచ్చాడో రేంజర్ వచ్చి, ఇక్కడ జంతువులకు తిండి పెడితే జరిమానా అని మర్యాదగానే చెప్పాడు. నేను వెంటనే ఎంత అని అడిగాను. వేయలేదు లెండి, కానీ అప్పటి నుంచి జంతికల డబ్బా నా సీటు కిందే ఉంది.

పైన దిగేసరికి చలి. డాలస్‌లో నూరు డిగ్రీల ఎండలో బయల్దేరిన మనుషులం. అమ్మది నూలు చీర, హవాయి చెప్పులు. నాన్నది పొట్టి చేతుల చొక్కా. అక్కడ జూలైలోనూ మంచు గుట్టలుంటాయి, గాలి కోసేస్తుంది. పైనున్న కొట్టులోకి పరిగెత్తి నాలుగు స్వెట్‌షర్టులు కొన్నాను. నూట అరవై డాలర్ల చిల్లర. "ఏడు వేల ఏడొందలు!" అన్నాను, బిల్లు కట్టే మనిషికి కూడా వినపడేలా. ఎల్క్ దుప్పి బొమ్మున్న ఆ స్వెట్‌షర్టు నాన్న ఇప్పటికీ సంక్రాంతి నెలలో వేసుకుని తెనాలిలో పాలకేంద్రానికి వెళ్తారు. డబ్బులు గిట్టాయనే చెప్పాలి.

కారులో నీళ్ళు అయిపోయాయి. కొట్టులో సీసా రెండున్నర డాలర్లు. నూట ఇరవై రూపాయలు పెట్టి నీళ్ళా అన్నాను. అమ్మ "నాకు దాహంగా లేదులే నాన్నా" అంది.

పది నిమిషాల తర్వాత పార్కింగ్‌లోనే వాంతి చేసుకుంది. ఘాట్ రోడ్డు తిప్పుడనుకున్నాం. నిమ్మకాయ వాసన చూపించాం, పొద్దుటి పులిహోర పడలేదేమో అనుకున్నాం, కారు సీటు వెనక్కి వాల్చి గంటసేపు అక్కడే పడుకోబెట్టాం. చేయకూడనిది సరిగ్గా అదే. ఒక రేంజరమ్మ అద్దంలోంచి చూసి, పేరు, వయసు, ఎక్కడి నుంచి వచ్చారు, నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు అని అడిగింది. చివరి ప్రశ్నకు జవాబు విని, ఇప్పుడే కిందికి దించండి, ఇంకేమీ ఆలోచించకండి అంది. ఎత్తు పడని మనిషికి మొదటి మందు దిగడమే. తలనొప్పి, వికారం, తూలడం, ఏది కనిపించినా ఆగి చూద్దామనుకోవద్దు, బండి తిప్పండి.

దిగుతున్నకొద్దీ తేరుకుంది. కానీ నాకు భయం పోక దారిలో తగిలిన ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆక్సిజన్ పెట్టారు, రెండు పరీక్షలు చేశారు, మూడు గంటల్లో పంపేశారు. ఆరు వారాల తర్వాత పోస్టులో బిల్లొచ్చింది. 1,140 డాలర్లు. హెచ్చవేయండి, నేను వేశాను.

అమ్మానాన్నలకు నేను ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోలేదు. ఇద్దరికీ రెండు నెలలకు రెండొందల చిల్లర అడిగితే, రెండు నెలల్లో ఏమవుతుందిలే అనుకున్నాను. మీరు వాళ్ళు విమానం ఎక్కకముందే తీసుకోండి. పాత జబ్బులకు, అంటే బీపీ, షుగర్, గుండె లాంటివాటికి ఎంతవరకు ఇస్తారో కాగితం చదివి తీసుకోండి. చవక ఇన్సూరెన్స్ ఇచ్చేదీ చవకగానే ఉంటుంది, ఈ విషయంలో మాత్రం నా మాట వినండి. ఆ జబ్బులేమైనా ఉన్నవాళ్ళయితే ఇంత ఎత్తుకు వెళ్ళొచ్చా అని అక్కడి డాక్టర్నే ముందు అడిగి రమ్మనండి.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ చెప్పింది. అమ్మకు తలనొప్పి ఆ రెయిన్‌బో కర్వ్ దగ్గరే మొదలైందట. "వాడు ప్రతిదానికీ లెక్క చెబుతున్నాడు, తలనొప్పంటే మళ్ళీ ఏం ఖర్చు పెడతాడోనని ఊరుకున్నా" అని కోడలితో అందట. దాహం కూడా వేసిందట.

2016లో మళ్ళీ తీసుకెళ్ళాను, ఈసారి ఆరు రోజులు. కారులో రూపాయి మాట ఎత్తకూడదని మా ఆవిడ షరతు. మొదటి రాత్రి డెన్వర్‌లో ఆగాం. అదే 5,280 అడుగులు, ఒంటికి కొంచెం అలవాటవుతుంది. తర్వాత ఎస్టెస్ పార్క్‌లో జూలై ధరలకు కళ్ళు తిరిగి, ముప్పై మైళ్ళ కిందున్న లవ్‌లాండ్‌లో గది తీసుకున్నాను. ఏరు పక్కనే మలుపులు తిరిగే దారి, రోజూ ఆ ప్రయాణమే ఒక పిక్నిక్. ఇలాంటి తెలివిని ఖర్చు తగ్గించుకోవడమంటారు. ముందు చెప్పింది పిసినారితనం. తేడా తెలుసుకోవడానికి నాకు 1,140 డాలర్లయ్యాయి, మీకు ఉచితంగా చెబుతున్నాను.

మొదటి రోజు పైకి పోలేదు. స్ప్రేగ్ లేక్ చుట్టూ చక్రాల కుర్చీ కూడా వెళ్ళేంత చదునైన దారి ఉంది, అరమైలు నడిచాం. బేర్ లేక్‌కి పార్కు వాళ్ళ షటిల్ బస్సు ఉచితం, పార్కింగ్ కోసం తిరిగే బాధ లేదు. రెండో రోజే ట్రెయిల్ రిడ్జ్, అదీ పొద్దున్నే. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నమైతే అక్కడ పిడుగులు పడతాయి. 2014 జూలైలో వరసగా రెండు రోజుల్లో ఇద్దరు మనుషులు ఆ రోడ్డు పక్కనే పోయారు. పన్నెండింటికల్లా చెట్లు మొలిచే ఎత్తుకు దిగిపోవాలి. మనిషికో రెండు లీటర్ల నీళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళాం, స్వెట్టర్లు, సాక్సులు, పెరుగన్నం కూడా. అమ్మ పైన ఇరవై నిమిషాలుండి ఫోటో దిగి "చాలు, పదండి" అంది.

ఆమె బాగానే ఉందని చూసుకుని ఇంకో నాలుగు మైళ్ళు ముందుకు, మిల్నర్ పాస్ దాకా పోయాం. ఇటు పడ్డ చినుకు పసిఫిక్‌కి, అటు పడ్డ చినుకు అట్లాంటిక్ వైపుకి పోయే గట్టు అది. కొలరాడో నది పుట్టేది కూడా ఈ పార్కు పడమటి వైపే. కృష్ణా కాలవ కింద వ్యవసాయం చేసిన మనిషి మా నాన్న, ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. "మరి ఇటు నీళ్ళు అటువాళ్ళకు కావాలంటే?" అన్నారు. ఉన్న విషయమే చెప్పాను: పడమటి నీళ్ళను తూర్పు పొలాలకు తెచ్చుకోవడానికి ఈ కొండల కిందుగానే పదమూడు మైళ్ళ సొరంగం తవ్వారు, 1947 నుంచి నీళ్ళు పారుతున్నాయి అని.

"అనుకున్నాలే" అన్నారు. కారెక్కాక కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని అడిగారు: "ఆ సొరంగానికి మన రూపాయల్లో ఎంతయి ఉంటుందంటావ్, అబ్బాయ్?"

మా ఆవిడ అద్దంలోంచి నా వైపు చూసింది.