'మిర్రర్' అర్థం కాలేదన్నవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు

"సోవియట్ దర్శకుడు తార్కోవ్‌స్కీ 'మిర్రర్'ని అందరూ గొప్ప సినిమా అంటారు, నాకు కథే దొరకలేదు, లోపం నాదా సినిమాదా?" అని అడిగారు. మొదటిసారి నాకూ దొరకలేదండీ, అది ఒక మనిషి జ్ఞాపకాల ముక్కలుగా సాగే సినిమా. కాలేజీలో ఫిల్మ్ క్లబ్ వాళ్లు వేస్తే వెళ్లి, గంట తిరక్కముందే క్యాంటీన్‌కి జారుకున్నాను.

1975లో అది విడుదలైనప్పుడు సోవియట్ యూనియన్‌లోనూ ఇదే గొడవ. సినిమాల శాఖ గోస్కినో అధిపతి యెర్మాష్‌కి నచ్చలేదు. తక్కువ ప్రింట్లతో సరిపెట్టారు. ఇది ఏ కొద్దిమందికో తప్ప అర్థం కాదని తోటి సినిమావాళ్లే అన్నారు. తిట్టిన ఉత్తరాలను కూడా తార్కోవ్‌స్కీ తన పుస్తకంలో దాచకుండా వేసుకున్నాడు. అర్థం చేసుకోబోతే తలనొప్పి వచ్చిందన్న ఇంజినీరు ఒకావిడ, తన చిన్నతనం అచ్చం ఇలాగే ఉండేదని, అది ఆయనకెలా తెలిసిందని ఆశ్చర్యపోయిన ఇంకొకావిడ. 2012లో బ్రిటన్ సినిమా పత్రిక 'సైట్ అండ్ సౌండ్' అన్ని కాలాల గొప్ప సినిమాలకి ఓటింగ్ పెడితే విమర్శకులు దానికి 19వ స్థానం ఇచ్చారు, దర్శకులు 9వ స్థానం.

ఈ ర్యాంకులు చూసి నేను మనసు మార్చుకోలేదు. మార్చింది మా నాన్న.

ఆయన ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడర్‌గా చేశారు. నా చిన్నప్పుడు ఒక రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న మనిషి ఉన్నట్టుండి లేచి, లుంగీ మీదే సైకిలెక్కి ప్రెస్సుకి పరిగెత్తారు. ఒక శ్రద్ధాంజలి ప్రకటనలో చనిపోయినాయన పేరుకి బదులు కొడుకు పేరు వదిలేశానేమోనని భయం. తెల్లారగట్ల తిరిగొచ్చి, "సరిగ్గానే ఉంది" అని మంచినీళ్లు తాగి పడుకున్నారు. అంతే, ఇంట్లో దాని ఊసే లేదు.

రిటైరయ్యాక ఒకసారి నా దగ్గరికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో 'మిర్రర్' పెట్టాను. అందులో తల్లి కూడా ప్రూఫ్ రీడరే. అచ్చుతప్పు వదిలేశానేమోనని వానలో తడుస్తూ ప్రెస్సుకి పరిగెత్తుతుంది. స్టాలిన్ కాలం. తప్పు పోతే ఏమవుతుందో సినిమాలో ఎవరూ చెప్పరు. తప్పేమీ లేదని తేలాక, తను భయపడిన మాటేమిటో స్నేహితురాలి చెవిలో చెబుతుంది, మనకు వినపడదు. నేను వివరించబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టి, "నాకు తెలుసులే" అన్నారు. ఆ తర్వాత కాసేపటికే గురక. సినిమా మీద ఆయన తీర్పు అదీ ఇదీ రెండూ అనుకుంటాను.

అందుకే అర్థం కాలేదన్న విమర్శను నేను కొట్టిపారెయ్యను. మనకు తెలిసిన జ్ఞాపకం ఏదైనా తగిలితే సీను తెరుచుకుంటుంది, లేకపోతే మూసుకునే ఉంటుంది. స్పెయిన్ శరణార్థుల భాగం నాకిప్పటికీ మూసుకునే ఉంది. కోడిని కోసే సీనూ నచ్చదు.

మళ్లీ చూస్తే మాత్రం ఒక సంగతి ముందే తెలుసుకోండి: తల్లిగానూ, కథ చెప్పేవాడి మాజీ భార్యగానూ వేసింది ఒక్కరే, మార్గరీటా తెరెఖోవా. ఇది తెలియకే నేను మొదటిసారి సగం తికమకపడ్డాను. వినిపించే కవితలు దర్శకుడి తండ్రి అర్సేనీవి, చదివిందీ ఆయనే. సబ్‌టైటిల్స్ అందుకోలేకపోతే వదిలెయ్యండి, గొంతు వినండి చాలు. పూర్తిగా చూడలేకపోయినా గడ్డివాము పాక తగలబడే సీను దాకా ఉండండి. అది మొదట్లోనే వస్తుంది, క్యాంటీన్‌కి వెళ్లేలోపే.