కనుగొన్నారా, గుర్తించారా?

సందేహం: ఒక జీవశాస్త్ర వ్యాసంలో ‘మూత్రపిండ కణజాలంలో ప్రోటియాసోమ్ బీటా-5 ఉపప్రమాణం పరిశోధకులచే కనుగొనబడింది, నియంత్రణ ముక్కలో కనుగొనబడలేదు’ అని రాశాను. నియంత్రణ ముక్క అంటే మొదటి యాంటీబాడీ (వెతికే ప్రోటీన్‌ను పట్టుకునేది) వేయకుండా పోలిక కోసం ఉంచిన కోత. దిద్దినవారు రెండు చోట్లా ‘కనుగొను’ తీసేసి ‘గుర్తించు’ పెట్టారు. రెండింటికీ అర్థం ఒకటే కదా?

సమాధానం: ఒకటి కాదు. మొదటి చోట ఆ దిద్దుబాటు సరైనదే. రెండో చోట మాత్రం మీ మాటా తప్పే, వారి మాటా తప్పే.

పాత కావ్యాలలో ‘కనుగొని’ అంటే చూసి అనే అర్థం. నేటి వచనంలో ఆ అర్థం దాదాపు మరుగున పడింది. ఇప్పుడు ‘కనుగొన్నారు’ అనగానే, అంతవరకు ఎవరికీ తెలియనిదాన్ని వెలికితీశారని పాఠకుడు అనుకుంటాడు. యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ తగిలించుకున్న ప్రోటీన్లను కణంలో ముక్కలు చేసేది ప్రోటియాసోమ్. ఆ యుబిక్విటిన్ తగిలించే పద్ధతిని బయటపెట్టినందుకు ఆరన్ చెఖనోవర్, ఆవ్రామ్ హెర్ష్‌కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ‘కనుగొన్నారు’ అనే క్రియ వారికి తగుతుంది. ప్రోటియాసోమ్‌లో ఒక భాగమైన బీటా-5 సంగతి శాస్త్రానికి ఎప్పటి నుంచో తెలుసు. దానికి అడ్డుపడే బోర్టెజోమిబ్ మందు 2003 నుంచే ఒక రకం రక్త క్యాన్సర్‌కు వాడుకలో ఉంది. తెలిసినదాని జాడ పట్టడమే మీ పరిశోధకులు చేసిన పని.

దానికి ‘గుర్తించు’ చక్కగా అమరుతుంది. గుర్తు అంటే ఆనవాలు. ప్రయోగంలో జరిగేది కూడా ఆనవాలు పెట్టడమే. ఫార్మలిన్‌లో నిలవచేసి మైనంలో పొదిగిన కణజాలాన్ని నాలుగైదు మైక్రోమీటర్ల మందాన కోస్తారు. స్లైడు మీద మైనం కరిగించి, రసాయన ద్రావణంలో వేడిచేస్తారు. ఫార్మలిన్ బిగించేసిన ప్రోటీన్ల ఉపరితలం అప్పుడు మళ్లీ యాంటీబాడీకి అందుతుంది. మొదటి యాంటీబాడీ వెళ్లి బీటా-5ను పట్టుకుంటుంది. రెండోది మొదటిదాన్ని పట్టుకుంటుంది. రెండోదానికి కట్టిన ఎంజైము, పోసిన రసాయనాన్ని గోధుమరంగు పదార్థంగా మార్చి అక్కడికక్కడే దిగవిడుస్తుంది. కేంద్రకాలు తెలియడానికి విడిగా నీలం అద్దుతారు. సూక్ష్మదర్శినిలో కంటికి ఆనేది ఆ గోధుమరంగే తప్ప ప్రోటీన్ కాదు. అందుకే ‘బీటా-5ను చూశారు’ అన్నా నేను ఒప్పుకోను.

ఇక రెండో వాక్యం. మొదటి యాంటీబాడీ వేయని కోతలోనూ బీటా-5 ఉంటుంది, అదీ అదే మూత్రపిండం కదా! లేనిది దాన్ని పట్టుకునే యాంటీబాడీ. రెండో యాంటీబాడీ తనంతట తాను ఎక్కడైనా అంటుకుని రంగు తెస్తోందేమో సరిచూడడానికే ఆ కోతను ఉంచుతారు. అక్కడ ‘కనుగొనబడలేదు’ అంటే ఆ ముక్కలో ప్రోటీనే లేదని అర్థమవుతుంది. ‘గుర్తించబడలేదు’ అంటే ప్రతిభకు గుర్తింపు రాలేదని వాపోయినట్లుంటుంది. కర్తను తెచ్చి ‘గుర్తించలేదు’ అందామా, పరిశోధకులు చూసుకోకుండా వదిలేశారని వినిపిస్తుంది. ‘గుర్తించలేకపోయారు’ అంటే ప్రయత్నించి ఓడిపోయినట్లు. ఇవేవీ జరగలేదు. జరిగింది ‘రంగు పట్టలేదు’, అంతే. యాంటీబాడీ వేసిన కోతలో కూడా రంగు రాకపోతే ‘జాడ కనిపించలేదు’ అనండి. ‘లేదు’ అనేయకండి. పరీక్షకు అందనంత కొద్దిగా ఉండవచ్చు, ఫార్మలిన్ బిగువు సడలకపోయి ఉండవచ్చు.

ఈ ‘రంగు పట్టడం’ మీద కొందరికి చిన్నచూపు. పాఠ్యపుస్తకాల ‘అభిరంజనం’ శాస్త్రీయంగా వినిపిస్తుందని దాన్నే రాస్తారు. రాయనివ్వండి, తప్పేమీ లేదు. ‘మరక పడింది’ అని మాత్రం వద్దు. మరక అక్కర్లేకుండా అంటేది, ఇది కావాలని వేసే రంగు.

మీరు అడగకపోయినా ‘ఉపప్రమాణం’ గురించి ఒక మాట. ప్రమాణం అంటే కొలత, ఆధారం, ఒట్టు కూడా. ఇక్కడ కొలిచేది ఏమీ లేదు. ప్రోటియాసోమ్ నడిమి భాగం ఏడేసి ప్రోటీన్ల వలయాలు నాలుగు ఒకదానిపై ఒకటి పేర్చిన గొట్టం. మొత్తం 28. పైనా కిందా ఆల్ఫాలు, మధ్య రెండు వలయాల్లో బీటాలు. ఇవన్నీ దాని ఘటకాలు, కాబట్టి ‘ఉపఘటకం’ నయం, ‘సబ్‌యూనిట్’ అన్నా అభ్యంతరం లేదు. ఏది రాసినా ఆ మాటను జారవిడిచి ‘ప్రోటియాసోమ్‌ను గుర్తించారు’ అని కుదించకండి. యాంటీబాడీ పట్టుకున్నది ఒక్క బీటా-5నే. అది ఇంకా గొట్టంలో చేరనిదీ కావచ్చు. పైగా రోగనిరోధక కణాలు వదిలే ఇంటర్ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ ప్రభావం పడిన కణాల్లో కొత్తగా కట్టే గొట్టాలలో బీటా-5 చోటును దాని బంధువైన మరో ఉపఘటకం తీసుకుంటుంది. అంటే బీటా-5 తగ్గినంత మాత్రాన ప్రోటియాసోమ్ తగ్గిందని చెప్పడానికి లేదు.

‘పరిశోధకులచే... బడింది’ సంగతి వేరే చెప్పాలా? చేసినవారు ఎదుటే ఉండగా తెలుగు వాక్యానికి ఆ చుట్టుదారి అక్కర్లేదు.

ఇలా రాసుకోండి: ‘మూత్రపిండ కణజాలంలో ప్రోటియాసోమ్ బీటా-5 ఉపఘటకాన్ని పరిశోధకులు యాంటీబాడీ సాయంతో గుర్తించారు. మొదటి యాంటీబాడీ వేయని పోలిక కోతలో రంగు పట్టలేదు.’ ‘నియంత్రణ’ను ‘పోలిక’ చేసింది నేనే. అక్కడ ఎవరినీ అదుపు చేయడం లేదు. శీర్షికకు చోటు చాలకపోతే ‘మూత్రపిండంలో బీటా-5 జాడ’ అనండి, సరిపోతుంది.