టైటానియమా, ఉక్కా? మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీస్సులు.

హార్డ్‌టెయిల్ (వెనుక సస్పెన్షన్ లేని) మౌంటెన్ బైకు కట్టించుకోవాలని ఉందనీ, ఫ్రేము టైటానియంది తీసుకోవాలా ఉక్కుది తీసుకోవాలా అన్నది తేల్చుకోలేక ఆగిపోయావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ బరువూ, నీవు తిరిగే టైగర్ మౌంటెన్ దారులూ, సియాటిల్ వైపు వానలూ నాకు తెలిసినవే కనుక నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: ఈసారికి ఉక్కు ఫ్రేమే తీసుకో. నా కారణాలు చదివిన తరువాత కూడా నీ మనసు టైటానియం మీదే ఉంటే నేను అడ్డు చెప్పను.

మొదట బరువు సంగతి. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, ఫ్రేములకు వాడే టైటానియం మిశ్రలోహానిది సుమారు 4.5 గ్రాములు. ఈ అంకెలు చూసి ఫ్రేము బరువు దాదాపు సగానికి పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అయితే వంగకుండా నిలిచే గుణంలోనూ టైటానియం ఉక్కులో సగమే కావడం వల్ల, ఆ లోటు పూడ్చడానికి గొట్టాలను లావుగా చేయక తప్పదు. అన్నీ పోను మిగిలే తేడా సాధారణంగా 500 నుంచి 800 గ్రాములు, అంటే నీవు ఫ్రేముకు తగిలించుకునే నీళ్ల సీసా బరువు.

టైటానియం మీద కూర్చుంటే రాళ్ల కుదుపు తెలియదన్న మాటను నేను పెద్దగా నమ్మను. రెండు త్రికోణాలుగా బిగిసి ఉన్న ఫ్రేము, ఏ లోహంతో చేసినా, నిలువుగా వంగేది బహు స్వల్పం. రాయి తగిలినప్పుడు రెండున్నర అంగుళాల టైరు నొక్కుకుపోయే లోతు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. వెనుక టైరులో రెండు పి.ఎస్.ఐ. గాలి తగ్గించి అదే దారిలో వెళ్లి చూడు, తేడా నీకే తెలుస్తుంది. నిజంగా తెలిసే వంపు పక్కవాటుది: బరువు తగ్గించాలని గొట్టాలను మరీ పలచన చేసిన టైటానియం ఫ్రేము, నీలాంటి భారీ మనిషి పెడళ్ల మీద నిలబడి ఎక్కేటప్పుడు అటూ ఇటూ ఊగుతుంది.

ధర ఎందుకంత ఎక్కువని అడిగావట. ముడిఖనిజం అరుదై కాదు. మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఇల్మనైట్ ఉంది. దాన్ని క్లోరైడుగా మార్చి, మెగ్నీషియంతో లోహాన్ని వేరు చేసి, శూన్యంలో మళ్లీ కరిగించి, గొట్టంగా లాగడానికే ఖర్చంతా అవుతుంది. ఆ తరువాత వెల్డింగు ఉంది. నేను ఉద్యోగమంతా చేసినది వెల్డింగు తనిఖీయే కనుక ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను. వేడెక్కిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పీల్చుకుని పెళుసుబారుతుంది. అందుకని అతుకు వేసేటప్పుడు బయటా, గొట్టం లోపలా కూడా ఆర్గాన్ వాయువు నింపి ఉంచాలి. సరిగా వేసిన అతుకు వెండిలా, లేదా లేత గడ్డి రంగులో ఉంటుంది. నీలం కనిపిస్తే అనుమానించాలి. బూడిద రంగు, తెల్లటి పొడి కనిపిస్తే ఆ ఫ్రేమును ముట్టుకోవద్దు. బయట పాలిష్ పడితే ఈ గుర్తులన్నీ చెరిగిపోతాయి కనుక, ఎప్పుడైనా టైటానియం ఫ్రేము చూడటానికి వెళ్తే సీటుపోస్టు తీయించి, టార్చి వేసి, లోపలి అతుకులు చూడు. చౌకగా వచ్చిన టైటానియం గుట్టు చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

ఉక్కుకు తుప్పు శత్రువు, మీ వానల్లో మరీను. అది సాధారణంగా గొట్టం లోపలినుంచే మొదలవుతుంది. కొత్త ఫ్రేము రాగానే, ఇంకే భాగమూ బిగించకముందే, అన్ని గొట్టాల లోపలా తుప్పు నిరోధక నూనె కొట్టి, ఫ్రేమును అన్ని వైపులకూ తిప్పి ఆరబెట్టు. పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ అడుగున నీరు కారే రంధ్రం ఉందో లేదో చూసుకో. తడిలో తిరిగి వచ్చిన రోజున సీటుపోస్టు తీసి ఫ్రేమును తలకిందులుగా వేలాడదీయి. ఇంత చేస్తే ఉక్కు ఫ్రేము చాలా ఏళ్లు నిలుస్తుంది. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) అయితే 4130 రకం చాలు. రెనాల్డ్స్ కంపెనీ 853 లాంటి గొట్టమైతే వెల్డింగు చేసిన చోట బలం తగ్గకపోవడం ఒక అదనపు లాభం. పగులు వచ్చినా అనుభవమున్న ఫ్రేము పనివాడు గొట్టం మార్చి ఇవ్వగలడు. టైటానియానికి అలాంటి మరమ్మతు చేసేవారు తక్కువ, ఖర్చూ ఎక్కువ.

ఇక అసలు కారణం. టైటానియం అమ్మేవారు జీవితకాలం వస్తుందంటారు. లోహం విషయంలో అది దాదాపు నిజమే. కానీ కొలతలు జీవితకాలం నిలవవు. 2005 ప్రాంతంలో కొన్న హార్డ్‌టెయిల్‌కు 26 అంగుళాల చక్రాలు, వెనుక చక్రం నడుమ 135 మిల్లీమీటర్ల హబ్బు, 70 డిగ్రీల దరిదాపుల హెడ్ యాంగిల్ (ముందు ఫోర్కు వాలు కోణం) ఉండేవి. ఇప్పటి వాటికి 29 అంగుళాల చక్రాలు, 148 మిల్లీమీటర్ల హబ్బు, 64 నుంచి 67 డిగ్రీల కోణం. ఆనాటి టైటానియం ఫ్రేము ఇవాళ్టికీ మెరుస్తూనే ఉంటుంది, ఇవాళ్టి చక్రం మాత్రం అందులో పట్టదు. నీవు ఇంతవరకు ఏ హార్డ్‌టెయిల్‌నూ సొంతంగా వాడలేదు. నీకు ఎంత రీచ్ (పెడళ్ల నుంచి హ్యాండిల్ వైపు ఫ్రేము ముందుకు సాగే దూరం) కావాలో, చైన్‌స్టే (పెడళ్ల దగ్గర నుంచి వెనుక చక్రం దాకా పోయే గొట్టం) పొట్టిగా ఉంటే బాగుంటుందో పొడుగ్గా ఉంటే బాగుంటుందో నీకే ఇంకా తెలియదు. అది తెలియకుండా వేల డాలర్లు లోహానికి పోయడం తొందరపాటు. కొన్నేళ్లు ఉక్కు మీద తిరిగి, నీ కొలతలు నీకు ఖాయమయ్యాక, వాటి ప్రకారం టైటానియం కట్టించుకుంటానంటే అప్పుడు నేనే పక్కన నిలబడి అతుకులు చూసి పెడతాను.

మిగిలిన డబ్బు మంచి ఫోర్కుకూ, నాలుగు పిస్టన్ల బ్రేకులకూ పెట్టు. దిగుడు దారుల్లో నీకు పనికొచ్చేవి అవే. మీట నొక్కితే సీటును కిందికి దించే డ్రాపర్ పోస్టు పూర్తిగా లోపలికి దిగేంత పొడవు సీటుట్యూబులో ఉండాలి, బాటమ్ బ్రాకెట్ మరలతో తిప్పి బిగించే రకమై ఉండాలి. ఎంచుకున్న ఫ్రేము కొలతల పట్టికను డబ్బు కట్టకముందే నాకు పంపు. నీ కాళ్ల పొడవు కూడా చెప్పులు లేకుండా కొలిచి రాయి.

మీ మామయ్య