గడప కన్నా రోడ్డు ఎత్తయితే

ప్రశ్న: సార్, నమస్తే. నేను మా ఊళ్లో వార్డు మెంబర్‌ను. వరంగల్ జిల్లా, నర్సంపేట దగ్గరి పల్లె. ఇండ్లు, వీధులు బాగుచేయాలని మా పంచాయతీ తీర్మానం చేసింది. మొదటి పని మా వాడలో సీసీ రోడ్డు. పాత సీసీ మీదనే కొత్తది పోస్తమంటున్నరు. వీధిలో 14 పెంకుటిండ్లున్నయి. వాటి గడపలు ఇప్పటికే రోడ్డుకు జానెడు ఎత్తులోనే ఉన్నయి. మోరీ లేదు. ముగ్గురికి ఇందిరమ్మ ఇండ్లు మంజూరై పునాదులు తీస్తున్నరు. నేను అడిగితే "వచ్చిన పైసలు వాపసు పోతయి, అడ్డం పడకు" అంటున్నరు. నేను పది వరకే చదువుకున్న. ఇంజనీరు సార్ ముందు ఏమని మాట్లాడాలె?

జవాబు: అమ్మా, మీరు అడ్డం పడాల్సిందే. వారం రోజులు పని ఆగితే కొంపలేమీ మునగవు. ఆగకపోతే మునుగుతాయి.

మీ జానెడు లెక్కే చూడండి. జానెడంటే సుమారు 9 అంగుళాలు. ఊళ్లలో సీసీ రోడ్డు మందం మామూలుగా 6 అంగుళాలు, కింద కంకర పరిస్తే ఇంకో 3. పోసిన రోజునే మీ 14 గడపలూ రోడ్డుతో సమానమైపోతాయి. రోడ్డుకు మధ్యలో ఎత్తు, అంచులకు వాలు పెడతాం కాబట్టి పడ్డ వానంతా గడపల వైపే నడుస్తుంది.

ఇంజనీరు ఉద్యోగంలో ఉండగా ఒక ఊళ్లో నేనే ఇలాంటి రోడ్డు వేయించాను. మార్చి నెలాఖరు, బిల్లు పెట్టాలన్న తొందర. ఎంబుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, పొడవు, వెడల్పు, మందం అన్నీ సరిగ్గానే రాశాను. గడపల ఎత్తు ఎంతని నేను చూడలేదు, ఎవరూ అడగలేదు. ఆగస్టులో మళ్లీ వెళ్తే ఒక ముసలమ్మ యూరియా సంచిలో ఇసుక నింపి గడపకు అడ్డం పెట్టుకుని, ఇంట్లోని నీళ్లు సత్తు గిన్నెతో ఎత్తి బయట పోస్తోంది. పోసిన నీళ్లు సంచి పక్కనుంచి మళ్లీ లోపలికే వస్తున్నాయి. మట్టిగోడ మోకాలెత్తున తడిసి, సున్నం పెచ్చులుగా ఊడుతోంది. నన్ను చూసి "కూసో బిడ్డా" అని మంచం వాల్చింది. నేను కూర్చోలేకపోయాను.

ఇంజనీరు ముందు మాట్లాడటానికి చదువెందుకమ్మా, కొలత పట్టుకెళ్లండి. మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు ఉంటుంది, నీళ్లు కనబడే సన్న ప్లాస్టిక్ పైపు. గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొస వీధి మొదట్లో కరెంటు స్తంభానికి పెట్టిన గీత దగ్గర ఉంచి, రెండో కొస ప్రతి గడప దగ్గరా పట్టించండి. రెండు కొసల్లో నీటి మట్టం ఒక్కటే కదా. ఆ మట్టానికి గడప ఎన్ని అంగుళాలు కిందుందో టేపుతో కొలిచి, ఇంటి నంబరు పక్కన రాయండి. ఆ ఇంటి ముందు రోడ్డు మధ్యలోనూ అలాగే కొలవండి.

ఏ ఇంటి ముందైనా రోడ్డు ఆ గడప కన్నా కనీసం అడుగు కిందుండాలని నా పట్టు. అంటే పాత కాంక్రీటు పగలగొట్టి, కింద ఇంకొంత తవ్వాలి. భగీరథ మంచినీళ్ల పైపులు తెగకుండా దగ్గరుండి తవ్వించండి. పగలగొట్టే పద్దు ఎస్టిమేట్‌లో ఉందా అని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అడగండి. అది లేకపోతే కాంట్రాక్టరు పాతదాని మీదే పోస్తాడు, అతన్ని అని లాభం లేదు. పాత సీసీ గట్టిగానే ఉంటే అసలు కొత్త రోడ్డెందుకు? ఎస్టిమేట్ మార్పించి ఆ డబ్బు మోరీకి పెట్టించమనే నేనంటాను. 15వ ఆర్థిక సంఘం కూడా 2021-26 గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని కట్టడి చేసింది.

మోరీకి 100 అడుగులకు అర అడుగు వాలుంటే నీళ్లు నిలవవు. అది చివరికి ఎక్కడ కలుస్తుందో మాత్రం కాగితం మీద రాయించండి. చాలా ఊళ్లలో అది పల్లపు వాడలో ఆఖరి ఇంటి వెనక ఆగిపోతుంది, దోమలూ కంపూ వాళ్ల పాలవుతాయి. మీది ఎర్రనేలైతే చివర పెద్ద ఇంకుడు గుంత పనికొస్తుంది. నల్లరేగడిలో నీళ్లు ఇంకవు, వాగు దాకా తీసుకుపోవాల్సిందే.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. మీ కొలతలు అక్కడ చదివి, తీర్మానం పుస్తకంలోకి ఎక్కించండి. ఒంటరిగా వెళ్లకండి, గడపకొకరు చొప్పున వీధి కమిటీగా వెళ్లండి. మీకు దగ్గరి గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి ఇలా పనికో కమిటీ వేసుకునే 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం దాకా వెళ్లింది. ఒకసారి ఆడవాళ్లందరూ కలిసి వెళ్లి చూసి రండి.

ఇందిరమ్మ ఇళ్లవాళ్లు ముగ్గురికీ ఈ రాత్రికే చెప్పండి, రోడ్డు మట్టం తేలేదాకా బేస్‌మెంట్ ఎత్తు ఖాయం చేసుకోవద్దని. ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల్లో తర్వాత ఎత్తు పెంచడం కుదరదు. అలాగని ముంగిలిని కూడా మట్టిపోసి లేపితే, ఆ నీళ్లు పక్క పెంకుటింట్లోకి పోతాయి.

కొలతలు అయ్యాక ఆ 14 ఇళ్ల అంకెలూ, వీధి పొడవూ పత్రికకు రాసి పంపండి. రోడ్డుకెంత వాలు, మోరీకెంత లోతు అన్నది ఇంటింటికీ లెక్కగట్టి పంపిస్తాను. ఆ కాగితం మీ ఏఈ గారి చేతికివ్వండి.