చనిపోయిన నాన్నగారి ల్యాండ్‌లైన్‌ను ఎవరు సరెండర్ చేశారు?

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారి పేరు మీద 1992లో తీసుకున్న ల్యాండ్‌లైన్ ఉండేది. ఆయన 2019లో కాలం చేశారు. బిల్లు ఆయన పేరుతోనే వస్తుంటే అమ్మ కడుతూ వచ్చింది. రెండు నెలల కిందట టెలిఫోన్ కంపెనీ తరఫున ఒకతను ఇంటికొచ్చి, ‘రాగి తీగలు తీసేస్తున్నారు, ఫైబర్ పెట్టించుకోండి, ఫోన్ ఇంటర్నెట్ మీద నడుస్తుంది, నంబరు మాత్రం మారదు’ అన్నాడు. అమ్మ ఆధార్ తీసుకుని, ఓటీపీ చెప్పించుకుని కనెక్షన్ ఇచ్చి వెళ్లాడు. తీరా చూస్తే కొత్త నంబరు. పాతది సరెండర్ అయిపోయిందంటున్నారు. పైగా కరెంటు పోతే ఫోన్ మూగబోతోంది. అమ్మకు 74 ఏళ్లు, గుండెకు స్టెంట్ వేశారు, ఒక్కతే ఉంటుంది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. గట్టిగా అడిగితే కంపెనీవాళ్లు ‘అతను ఫ్రాంచైజీ మనిషి, మాకు సంబంధం లేదు’ అంటున్నారు. పాత నంబరు తిరిగి వస్తుందా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘పాతది సరెండర్ అయిపోయింది’ అని రాశారు. ఎవరు చేశారు? కనెక్షన్ నాన్నగారి పేరు మీద ఉంది. దాన్ని వదులుకుంటున్నానని ఆయన రాసివ్వాలి. ఆయన పోయి ఏళ్లయింది. ఆయన బదులు వారసులు రాసివ్వాలంటే అమ్మగారు, మీరు, తోబుట్టువులుంటే వాళ్లు సంతకాలు పెట్టి ఉండాలి. అలాంటి కాగితం మీద సంతకం పెట్టినట్టు మీరెక్కడా చెప్పలేదు. అమ్మగారు చెప్పిన ఓటీపీ కొత్త కనెక్షన్‌కు ఒప్పుకున్నట్టు అవుతుందే గానీ, నాన్నగారి కనెక్షన్‌ను వదులుకున్నట్టు కాదు. మీ కేసుకు బలం ఇక్కడే ఉంది.

కాబట్టి మొట్టమొదట అడగాల్సింది డబ్బు గురించి కాదు. ‘సరెండర్ దరఖాస్తు నకలు ఇవ్వండి, దాని మీద ఎవరి సంతకం ఉందో చూపించండి’ అని రాతపూర్వకంగా అడగండి. దరఖాస్తే లేదంటే, ఎవరూ కోరకుండానే కంపెనీ కనెక్షన్ మూసేసినట్టు. నాన్నగారి పేరుతో ఎవరైనా సంతకం గీకి ఉంటే అది భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కిందకు వచ్చే ఫోర్జరీ వ్యవహారం. అలాగని వెంటనే పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తమని చెప్పను. మీకు కావాల్సింది నంబరు. కేసు పెడితే అది ఆ కుర్రాడి చుట్టూ తిరుగుతుంది, నంబరు సంగతి పక్కకు పోతుంది. కంపెనీ ప్రభుత్వ రంగానిదైతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో ఇదే నకలు అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇలాంటివి నా దగ్గరకు వచ్చినప్పుడల్లా చూస్తున్నది ఒకటే. ముందు కనెక్షన్‌ను వారసుల పేరు మీదకు మార్చి, ఆ తర్వాత అదే నంబరును ఫైబర్‌కు ఎక్కించాలి. దానికి మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నో అబ్జెక్షన్ లాంటివి కావాలి, నాలుగుసార్లు తిరగాలి. కొత్త పేరుతో కొత్త కనెక్షన్ రాసేస్తే పని ఒక్క పూటలో అయిపోతుంది. వచ్చిన మనిషి ఆ దగ్గరిదారి పట్టి ఉంటాడు. ఇప్పటికీ నాన్నగారి పేరుతో ల్యాండ్‌లైన్ నడుస్తున్న ఇళ్లు మన ఊళ్లలో చాలానే ఉన్నాయి. వాళ్లందరికీ చెబుతున్నాను: ముందు పేరు మార్పించుకోండి, వైరు తర్వాత మార్పించుకోవచ్చు. పేరు మార్పు పూర్తయ్యేదాకా ఏ ఓటీపీ చెప్పకండి.

ఇక నంబరు మీద మీకున్న హక్కు. ఫోన్ నంబరు ఎవరి సొంత ఆస్తీ కాదు. ప్రభుత్వ నంబరింగ్ ప్లాన్ ప్రకారం కంపెనీకి, కంపెనీ ద్వారా మనకు వాడుకోవడానికి వస్తుంది. ముప్పై ఏళ్లు వాడుకున్నా పొలం లాగా, ఇల్లు లాగా వారసత్వంగా రాదు. ఇంకో సంగతి. కంపెనీ మారినా అదే నంబరు ఉంచుకునే పోర్టబిలిటీ 2011 జనవరి నుంచి దేశమంతా ఉన్నా, అది మొబైల్ నంబర్లకే. ల్యాండ్‌లైన్‌కు లేదు. విసిగిపోయి వేరే కంపెనీకి వెళ్లారంటే 0863 తర్వాత ఉన్న ఆ అంకెల మీద ఆశ వదులుకోవాల్సిందే. మీ విషయంలో పాతదీ కొత్తదీ ఒకే కంపెనీవి కాబట్టి దారి ఇంకా తెరిచే ఉంది. నంబరు మీ ఆస్తి కాకపోవచ్చు గానీ, ‘నంబరు మారదు’ అని చెప్పి కనెక్షన్ అంటగట్టారు. ఆ మాటకు వాళ్లు బాధ్యులు.

‘ఫ్రాంచైజీ మనిషి, మాకు సంబంధం లేదు’ అన్న జవాబు చట్టం ముందు నిలవదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 238వ సెక్షన్ చూడండి. ఏజెంటు తన పనిలో భాగంగా అబద్ధం చెప్పి ఒప్పందం చేయిస్తే, ఆ అబద్ధం యజమాని చెప్పినట్టే లెక్క. అతను కంపెనీ దరఖాస్తు నింపాడు, ఓటీపీ కంపెనీ సిస్టమ్ నుంచి వచ్చింది, బిల్లు కంపెనీ పేరుతో వస్తోంది. ఇంత జరిగాక అతనెవరో తెలియదంటే ఎలా?

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం కరెంటు సంగతి. పాత ఫోన్‌కు ఇంట్లో ప్లగ్గే ఉండదు గదా. ఎక్స్ఛేంజిలో ఉండే 48 వోల్టుల బ్యాటరీల నుంచి ఆ రాగి తీగల మీదుగానే కరెంటు వచ్చేది. గాలివానకు వీధంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వినిపించేది అందుకే. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు. దాన్ని మాటగా మార్చే బాక్సు గోడ ప్లగ్గు మీద నడుస్తుంది. కరెంటు పోగానే బాక్సు ఆరిపోతుంది, దానికి తగిలించిన ఫోనూ ఆగిపోతుంది. ‘మాకు రాగి తీగే కావాలి’ అని పట్టుబట్టే హక్కు చట్టం మనకివ్వలేదు. కానీ ఈ తేడా ముందే చెప్పాల్సిన బాధ్యత వాళ్లకుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 2(11) సెక్షన్ ప్రకారం, తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమే. స్టెంట్ వేయించుకుని ఒంటరిగా ఉంటున్న పెద్దావిడకు ఇంతకంటే తెలియాల్సిన సమాచారం ఏముంటుంది?

దీనికి వినియోగదారుల కమిషన్ తీర్పు దాకా ఆగకండి. ఈ వారమే ఆ బాక్సుకు సరిపడే వోల్టేజి చూసి చిన్న రౌటర్ యూపీఎస్ ఒకటి పెట్టించండి. బిల్లు దాచండి, ఆ ఖర్చు కూడా కంపెనీని అడగవచ్చు. పెట్టాక మెయిన్ ఆఫ్ చేసి, అమ్మగారి చేతనే మీకు ఒక ఫోన్ చేయించి చూడండి. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా నొక్కాలని గుర్తు చేయండి. 2021 జనవరి 15 నుంచి ఆ నియమం ఉంది, చాలామంది పెద్దవాళ్లు అక్కడే తికమకపడుతున్నారు. 108, 112లకు సున్నా అక్కర్లేదు. కొత్త దరఖాస్తులో డోర్ నంబరుతో సహా అడ్రస్ సరిగ్గా రాశారో లేదో కూడా చూసుకోండి.

ఇప్పుడు ఫిర్యాదు. మొదట కంపెనీ కంప్లయింట్ సెంటర్‌లో చెప్పి డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకోండి. అది లేకపోతే పై మెట్టు ఎక్కలేరు. పరిష్కారం కాకపోయినా, సరిగా లేకపోయినా 30 రోజుల్లోపు కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయాలి. దానికి ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనలు చెబుతున్నాయి. ట్రాయ్‌కే నేరుగా రాస్తానని చాలామంది అంటుంటారు. ట్రాయ్ విడి ఫిర్యాదులు విచారించదు, కంపెనీకి పంపి ఊరుకుంటుంది. ఫిర్యాదులో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: ‘వివాదం తేలేవరకు పాత నంబరును ఇంకెవరికీ కేటాయించవద్దు.’ ఖాళీ అయిన నంబర్లను కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తుంటారు. ఒకసారి వేరే ఇంట్లో మోగడం మొదలైతే వెనక్కి తేవడం చాలా కష్టం. మీరు ఆలస్యం చేయకూడదనేది అందుకే.

అక్కడా పని జరగకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. టెలిఫోన్ కేసులు కమిషన్‌కు రావని ఎవరైనా అంటే నమ్మకండి. 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల ఏళ్ల తరబడి ఆ మాట నడిచింది నిజమే. నెలకు 249 రూపాయల ప్లాన్ మీద 24,609 రూపాయల బిల్లు వచ్చిన ఒక మొబైల్ వినియోగదారుడి కేసులో, 2022 ఫిబ్రవరి 16న అదే కోర్టు ఆ చిక్కు విప్పింది. టెలిఫోన్ వినియోగదారులు కూడా వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని స్పష్టంగా చెప్పింది. 2019 చట్టంలోనైతే ‘సేవ’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే టెలికాం ఉంది.

కంపెనీ లాయరు ఏమంటాడో కూడా చెబుతాను. ‘కనెక్షన్‌దారు చనిపోయాడని ఇన్నేళ్లు చెప్పలేదు, ఈవిడ మా కస్టమరే కాదు’ అంటాడు. ఇది మీ వైపున్న లోపమే, దాచవద్దు. ఫిర్యాదులో మీరే ముందుగా రాసేయండి. అయినా కేసు పోదు. డబ్బు కట్టి సేవ తీసుకున్న మనిషితో పాటు, ఆయన సమ్మతితో దాన్ని వాడుకుంటున్నవాళ్లూ వినియోగదారులే. వినియోగదారుడు చనిపోతే వారసులు ఫిర్యాదు చేయవచ్చని 2(5) సెక్షన్ చెబుతోంది. పైగా అమ్మగారు నెలనెలా కట్టిన డబ్బును కంపెనీ తీసుకుంది. పాత రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు వెతికి పెట్టుకోండి. ‘నంబరు మారదు’ అని అతను వాట్సాప్‌లో ఎక్కడైనా రాసి ఉంటే అది బంగారం, చెరపకండి.

కమిషన్‌లో అడగాల్సినవి: పాత నంబరును అమ్మగారి పేరున ఫైబర్ కనెక్షన్‌కు కలపడం, నాన్నగారి డిపాజిట్ తిరిగి ఇవ్వడం లేదా సర్దుబాటు చేయడం, యూపీఎస్ ఖర్చు, పడిన మనోవేదనకు పరిహారం. విచారణ సాగినన్నాళ్లు నంబరును ఎవరికీ ఇవ్వకుండా అదే 2019 చట్టం 38(8) సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరండి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. సేవకు కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. రెండేళ్ల గడువుంది, కానీ నంబరు అన్నాళ్లు ఆగదు. నిజం చెప్పాలంటే, అప్పిలేట్ అథారిటీ దగ్గర ‘సరెండర్ కాగితం చూపించండి’ అన్న ప్రశ్న గట్టిగా వేస్తే, కమిషన్ దాకా వెళ్లకుండానే నంబరు తిరిగి వచ్చే అవకాశం బాగానే ఉందనిపిస్తోంది.

అమ్మగారిని కోర్టుల చుట్టూ తిప్పాల్సి వస్తుందేమోనని మీకు టెన్షన్ ఉంటుంది. అంత అవసరం పడదు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో వేయవచ్చు. ఆవిడ సంతకంతో ఒక ఆథరైజేషన్ లెటర్ ఉంటే ఆవిడ తరఫున మీరే హాజరు కావచ్చు, లాయరును పెట్టుకోవాలనే నియమం లేదు. వీడియో కాన్ఫరెన్స్‌లో విచారించమని దరఖాస్తు పెడితే కమిషన్ అనుమతించవచ్చు, అప్పుడు మీరూ బెంగళూరు నుంచి ప్రతి వాయిదాకూ రానక్కర్లేదు. ఆవిడ చేయాల్సిందల్లా ఆ రోజు అతను ఏమన్నాడో, తను ఏమని అడిగిందో గుర్తున్నది గుర్తున్నట్టు ఒక తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఉంచడం. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని రాయించండి.